కుక్కకు నెలకు ఎంత ఖర్చవుతుంది? తెచ్చుకునే ముందే లెక్క వేసుకోవడం ఎలా

"కుక్కపిల్లను తెచ్చుకుందామనుకుంటున్నాం, నెలకు ఎంతవుతుందండీ?" అని మా కాలనీలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కొన్నేళ్ల క్రితమైతే "రెండు వేలు చాలు" అనేసేదాన్ని. ఇప్పుడు అలా చెప్పను. కూర్చోబెట్టి, కాగితం మీద లెక్క వేయిస్తాను.

మా మల్లి వానాకాలంలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దొరికిన ఊరకుక్క పిల్ల. ఇప్పుడు దానికి ఐదేళ్లు, బరువు 18 కిలోలు. మొదట్లో బియ్యం, చికెన్, గుడ్లకు పెట్టిందే ఖర్చు అనుకున్నాను. తర్వాత ఒక పాత డైరీ తీసి, మల్లి పేరు మీద ఖర్చయిన ప్రతి రూపాయీ రాయడం మొదలుపెట్టాను. పాల లెక్క రాసుకున్నట్టే, అంతకంటే ఏం లేదు. కిందటేడు మొత్తం కూడి 12తో భాగిస్తే నెలకు దాదాపు ఐదు వేలు తేలింది. రెండు వేలకూ ఐదు వేలకూ మధ్య ఉన్న ఆ మూడు వేలు ఎక్కడికి పోతున్నాయో తెలియకపోవడం వల్లే చాలా ఇళ్లలో కుక్క భారమవుతుంది.

నేను ఈ లెక్క గురించి ఇంత పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. మా దగ్గర చెరువు కట్ట మీద ఒకసారి ఒక లాబ్రడార్ కనిపించింది. ఏడాది, ఏడాదిన్నర ఉంటుందేమో. మెడ చుట్టూ బెల్టు ఒరిసిన చోట వెంట్రుకలు ఊడిన గుర్తు ఇంకా పోలేదు. ఆగిన ప్రతి కారు దగ్గరికీ పరుగెత్తి, డోరు తెరుచుకునే దాకా తోక ఊపుతూ నిలబడేది. దాన్ని వదిలేసినవాళ్లు చెడ్డవాళ్లే అయి ఉండాలని లేదు. లెక్క వేసుకోకుండా తెచ్చుకుని ఉంటారు.

కాబట్టి ముందు ఒక నోట్‌బుక్, ఒక పెన్ను తీసుకోండి. ఇక్కడ నేను చెప్పే ధరలు హైదరాబాద్‌లో మేం కొంటున్నవి. మీ ఊళ్లో కొంచెం అటూ ఇటూ ఉంటాయి. నా అంకెలు తీసేసి మీవి రాసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

మొదటి మెట్టు: పెద్దయ్యాక ఎంత బరువు?

కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకుని చూస్తే ఏ లెక్కా తేలదు. అరచేతిలో పట్టిన లాబ్రడార్ పిల్ల ఏడాది తిరిగేసరికి 30 కిలోలు తూగుతుంది. తిండి, నట్టల మందు, పిడుదుల మాత్ర, మత్తు ఇంజెక్షన్, అన్నీ బరువును బట్టే ఉంటాయి. పేజీ పైన మొదటి గీతలో ఆ బరువే రాయండి. మన ఊరకుక్కలు మామూలుగా 15 నుంచి 20 కిలోల మధ్య ఉంటాయి. షిట్జు లాంటి చిన్నవి ఎనిమిది కిలోలు దాటవు, కానీ వాటి జుట్టుకు వేరే ఖర్చుంది.

ఇంట్లో ఇప్పటికే కుక్క ఉంటే బరువు చూడటం తేలిక. దాన్ని ఎత్తుకుని బరువు మిషన్ ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి, తేడా దాని బరువు.

హస్కీ, సెయింట్ బెర్నార్డ్ లాంటి చలిదేశపు జాతుల మీద మనసు పడి ఉంటే ఇక్కడే ఒక్క నిమిషం ఆగండి. మే నెల మధ్యాహ్నం వాటికి ఏసీ సౌకర్యం కాదు, అవసరం. ఏసీ గంటకు ఒక యూనిట్ లాగుతుందనుకున్నా, పగటిపూట ఎనిమిది గంటలకు నెలకు 240 యూనిట్లు. వాటితో మీ కరెంటు బిల్లు పై శ్లాబులోకి వెళ్తుంది. నన్నడిగితే, మన ఎండల్లో ఆ జాతులను తేవద్దనే చెబుతాను. డబ్బు ఉన్నా సరే.

రెండో మెట్టు: తిండి

దుకాణంలో దొరికే గుళికల తిండి (డ్రై ఫుడ్) సంచి మీద రాసిన ధర చూసి భయపడటమో, సంతోషపడటమో చేయకండి. ఆ సంచి ఎన్ని రోజులొస్తుందో చూడండి. 30 కిలోల లాబ్రడార్‌కు డ్రై ఫుడ్ రోజుకు సుమారు 400 గ్రాములు కావాలి, అంటే నెలకు 12 కిలోలు. కిలో 300 రూపాయల రకం పెడితే 3,600 అవుతుంది. కిలో 700 రూపాయల రకం పెడితే 8,400. ఒకే కుక్క, ఒకే గిన్నె, తేడా మాత్రం ఐదు వేలకు దగ్గర. అందుకని ముందు మీకు ఏ రకం కుదురుతుందో తేల్చుకుని, దాన్నే అలవాటు చేయండి. మొదటి నెల ఖరీదైనది పెట్టి, మూడో నెల చవకది పెడితే కడుపు పాడవుతుంది. మార్చాల్సి వస్తే వారం రోజుల పాటు పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ మార్చాలి.

మల్లికి మేం ఎక్కువగా ఇంటి వంట, కొంచెం డ్రై ఫుడ్ పెడతాం. దాని ఒక రోజు తిండి ఇది: 120 గ్రాముల బియ్యం, 150 గ్రాముల చికెన్, ఒక గుడ్డు, కొంచెం గుమ్మడికాయో క్యారెట్టో, 60 గ్రాముల డ్రై ఫుడ్. పొద్దున్నే చిన్న కుక్కర్‌లో బియ్యం, చికెన్, గుమ్మడికాయ ముక్కలు ఒక్క చిటికెడు పసుపు వేసి పెడతాను. రెండో విజిల్‌కే మల్లి వంటింటి గడప మీద పడుకుని ఉంటుంది. నెల లెక్క చూస్తే చికెన్ నాలుగున్నర కిలోలు, కిలో 220 చొప్పున 990 రూపాయలు. బియ్యం 3.6 కిలోలకు దాదాపు 200. గుడ్లు 30కి 210. డ్రై ఫుడ్ 1.8 కిలోలకు 540. కూరగాయలు, పెరుగు కలిపి ఇంకో 160. మొత్తం 2,100.

పూర్తిగా ఇంటి వంటే పెట్టాలనుకుంటే ఒకసారి డాక్టర్‌ను అడిగి కాల్షియం, విటమిన్ల సంగతి చూసుకోండి. ఉత్త అన్నం, చికెన్‌తో అవి సరిపోవు, పెరిగే పిల్లలకైతే అసలే సరిపోవు.

"మనం తిన్నదే కాస్త పెడితే సరిపోతుంది, దానికి వేరే వంటేంటి?" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. వాళ్ల కాలంలో వీధిలో తిరిగే కుక్కకు మిగిలిన అన్నం పెట్టేవాళ్లు, అది దయే. కానీ మన పులుసులో ఉల్లిపాయ ఉంటుంది, తాలింపులో వెల్లుల్లి ఉంటుంది. ఈ రెండూ కుక్క ఒంట్లో ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాల మీద పడతాయి. చాక్లెట్ గుండెను దడదడలాడిస్తుంది. ఉడికిన ఎముక సూదుల్లా విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. మిగిలిన కూర పెట్టి మిగిల్చుకున్న 50 రూపాయలు ఒక్క ఎక్స్‌రేకు చాలవు. కాబట్టి తిండి కింద సున్నా రాసుకుని లెక్క మొదలుపెట్టకండి.

మూడో మెట్టు: ఏడాదికోసారి వచ్చేవాటిని నెలల్లోకి మార్చడం

మనం లెక్క తప్పేది ఇక్కడే. టీకా ఖర్చు జూన్‌లో వస్తుంది, జులైలో మర్చిపోతాం. అందుకే ఏడాది ఖర్చును 12తో భాగించి నెల గడిలో రాయాలి.

పెద్దయిన కుక్కకు ఏడాదికోసారి పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులన్నిటికీ కలిపి వేసే టీకా ఒకటి, రేబిస్ టీకా ఒకటి ఉంటాయి. ప్రైవేటు క్లినిక్‌లో ఫీజుతో కలిపి మాకు 1,800 అవుతోంది, నెలకు 150. నట్టల మందు మూడు నెలలకోసారి. చాలా రకాలు పది కిలోలకు ఒక మాత్ర లెక్కన వేస్తారు కాబట్టి మల్లికి రెండు. ఏడాదికి 480, నెలకు 40. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయిస్తాం, 1,200 రూపాయలు, నెలకు వంద. మున్సిపాలిటీ లైసెన్స్ ఫీజు వీటి ముందు చాలా తక్కువ, కానీ చేయించుకోండి. కుక్క తప్పిపోతే మీదేనని చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

రేబిస్ టీకా డబ్బులు మిగుల్చుకునే దారి ఒకటుంది. ఏటా జులై 6న ప్రపంచ జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించిన రోజు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా ఇచ్చాడు. ఆ రోజు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రభుత్వ పశువైద్యశాలలు పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తాయి. పొద్దున్నే వెళ్లండి, తర్వాత క్యూ పెరుగుతుంది. టీకా పుస్తకం తీసుకెళ్లి తేదీ రాయించుకోండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషికైనా కుక్కకైనా దాదాపు బతుకు లేదు, కాబట్టి ఈ ఒక్క టీకాను ఏ ఏడాదీ దాటనివ్వకండి.

నాలుగో మెట్టు: పిడుదులు

దీన్ని టీకాల పక్కన ఒక గీతగా రాసి వదిలేయవచ్చు. కానీ మాకు బాగా దెబ్బ తగిలింది ఇక్కడే, అందుకే వేరుగా చెబుతున్నాను.

పిడుదుల్ని కొన్ని చోట్ల గోమార్లు అంటారు. కుక్క చెవి మడతలో, కాలివేళ్ల మధ్య, తోక కింద పట్టుకుని ఉంటాయి. రక్తం తాగకముందు నువ్వుగింజంత, తాగాక చిన్న బఠాణీ గింజంత. ఆడ పిడుదు కింద పడి గోడ పగుళ్లలో, తలుపు చట్రాల సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. వాటి వల్లే టిక్ ఫీవర్ వస్తుంది.

వీటికి 12 వారాలు పనిచేసే మాత్ర ఒకటుంది. మల్లి బరువుకు ఒక్కో మాత్ర దాదాపు 1,900. మూడో ఏడాది ఆ ధర చూసి "ఒక్క మాత్రకు ఇంతా!" అనుకుని రెండుసార్లు మానేశాను. షాంపూతో స్నానం చేయిస్తున్నాం కదా, చాల్లే అనుకున్నాను. ఆగస్టులో ఒక పొద్దున మల్లి వంటింటి గడప దగ్గరికి రాలేదు. ఉడికిన గుడ్డు తీసుకెళ్లి ముక్కు దగ్గర పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. పెదవి ఎత్తి చూస్తే ఎప్పుడూ గులాబీ రంగులో ఉండే చిగుళ్లు కాగితంలా తెల్లగా ఉన్నాయి. జ్వరం 104 దాటింది. కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 40 వేల దగ్గర ఉన్నాయి, రెండు లక్షలకు తగ్గకుండా ఉండాల్సినవి. మూడు రోజులు సెలైన్, మళ్లీ మళ్లీ రక్తపరీక్షలు, 28 రోజులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్. మొత్తం 11,400 రూపాయలు. అది ఆరు మాత్రల ధర, అంటే ఏడాది నాలుగు నెలలకు సరిపడా మందు. డబ్బు సంగతి అటుంచండి, ఆ మూడు రాత్రులు నేను దాని పక్కనే నేల మీద పడుకున్నాను, ఊపిరి తీస్తోందా లేదా అని చెయ్యి పెట్టి చూసుకుంటూ. ఆ తప్పు నాది.

ఇప్పుడు లెక్క ఇలా రాస్తాను. 12 వారాలకు 1,900 అంటే వారానికి 158, నెలకు దాదాపు 700. ఇది ఎక్కువనిపిస్తే నెలకోసారి వేసే మాత్రలు, మెడ వెనక పోసే చుక్కల మందు, మందు బెల్టులు కూడా ఉన్నాయి. మీ కుక్కకు ఏది సరిపోతుందో డాక్టర్‌నే అడగండి. ఎప్పుడైనా దానికి మూర్ఛ వచ్చి ఉంటే ఆ మాట ముందే చెప్పాలి, ఈ రకం మాత్రల్లో కొన్ని అలాంటి కుక్కలకు పడవు. ఏ మందు వాడినా రోజూ సాయంత్రం చెవులు, కాలివేళ్ల సందులు వేళ్లతో తడిమి చూడటం మానకండి. దానికి పైసా ఖర్చు లేదు.

ఐదో మెట్టు: ఊరెళ్లినప్పుడు

సంక్రాంతికి కుక్కను ఎవరి దగ్గర వదులుతారు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా తెచ్చుకోవద్దు. పండగలకు బోర్డింగ్ సెంటర్లు నెల ముందే నిండిపోతాయి. మాకు రోజుకు 700. పండక్కి ఐదు రోజులు, ఎండాకాలంలో ఇంకో ఐదు రోజులు కలిపి 7,000, నెలకు దాదాపు 600. ముందు ఒక్క రాత్రి వదిలి చూడండి. నీళ్ల గిన్నెలు ఎలా ఉన్నాయో, టీకా పుస్తకం అడిగారో లేదో గమనించండి. టీకా పుస్తకం అడగని చోట మన కుక్కను వదలకూడదు, పక్క గదిలో ఏ జబ్బు కుక్క ఉందో తెలియదు.

రైల్లో తీసుకెళ్లాలంటే మీతో పాటు ఫస్ట్ ఏసీలో మాత్రమే, అదీ రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీ పేరు మీదే ఉంటే. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లో కుదరదు. లేదంటే గార్డు దగ్గరి లగేజీ బోగీలో కుక్కల పెట్టె ఉంటుంది, ఆ చీకట్లో, ఆ చప్పుడులో రాత్రంతా. నేనైతే మల్లిని అందులో ఎక్కించను. మా వీధిలోనే ఉండే ఒక కాలేజీ అమ్మాయి మల్లికి బాగా మాలిమి. ఈ మధ్య ఎండాకాలం రోజులకు ఆమే మా ఇంట్లో ఉంటోంది, బోర్డింగ్ డబ్బు ఆమెకే ఇస్తున్నాం. అందరికంటే మల్లికే ఇది బాగుంది.

ఆరో మెట్టు: పోపుల డబ్బా

మా అమ్మ పోపుల డబ్బాలో ఆవాల కింద మడిచి పెట్టిన నోట్లు ఉండేవి. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే అవి బయటికొచ్చేవి. కుక్కకూ అలాంటి డబ్బా ఒకటి ఉండాలి. నేను నెలకు వెయ్యి రూపాయలు వేరే ఖాతాలో వేస్తాను. మల్లికి ఒంట్లో బాగుంటే ఆ డబ్బు అలాగే ఉంటుంది. కారు తగిలినా, గుడ్డపేలిక మింగినా, పన్ను విరిగినా, ఆపరేషన్ అన్నారంటే పది వేలు మొదటి రోజే కట్టాలి. ఏడేళ్లు దాటాక కీళ్ల నొప్పులు, కిడ్నీ, పళ్ల జబ్బులు మొదలవుతాయి కాబట్టి ఆ వెయ్యిని పదిహేను వందలు చేయడం మంచిది.

కుక్కలకు ఇన్సూరెన్స్ కూడా ఉంది. తీసుకునే ముందు ఏ వయసు దాకా ఇస్తారో, ఏ జబ్బులు వదిలేశారో, టీకాలు తప్పితే క్లెయిమ్ చెల్లుతుందో లేదో పాలసీ కాగితం పూర్తిగా చదవండి. ఇన్సూరెన్స్ ఉన్నా డబ్బా మానొద్దు.

డబ్బా చాలని రోజుకు ఒక చిరునామా రాసి పెట్టుకోండి. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లో కూడా కుక్కలను చూస్తారు. ప్రైవేటు బిల్లుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. డబ్బులేక ఇంట్లో ఉన్న పారాసెటమాల్, ఇబుప్రోఫెన్ మాత్రం కుక్కకు వేయకండి. మనకు నొప్పి తగ్గించే మాత్రే దాని ప్రాణం తీయగలదు.

ఇక మిగిలినవి, తర్వాత మొత్తం

షాంపూ, బెల్టు, తాడు, పడక, పెంట ఎత్తే కవర్లు, నమిలి పారేసిన వస్తువుల బదులు కొత్తవి: ఏడాదికి మూడు వేలు, నెలకు 250. పొట్టి జుట్టు కుక్కకు నెలకోసారి ఇంట్లో స్నానం చాలు. షిట్జు, పొమేరియన్ లాంటివాటికి జుట్టు కత్తిరింపుల ఖర్చు విడిగా రాసుకోండి, దాదాపు ప్రతి నెలా ఉంటుంది.

మల్లి లెక్క కూడితే: తిండి 2,100, టీకాలు, నట్టల మందు, రక్తపరీక్ష కలిపి 290, పిడుదుల మందు 700, సామాన్లు 250, ఊరెళ్లే ఖర్చు 600, డబ్బాలోకి 1,000. మొత్తం 4,940. లాబ్రడార్ అయితే ఒక్క తిండి గీతతోనే ఇది ఆరున్నర వేలకు చేరుతుంది, మందులు బరువును బట్టి ఇంకొంచెం.

మొదటి ఏడాదికి వేరే పేజీ పెట్టండి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్లు, మూడు నెలలకు రేబిస్. నట్టల మందు మూడు నెలల వయసు దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి. ఆపైన పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఇవన్నీ పన్నెండు నెలల్లోనే మీద పడతాయి. ఈ టీకాలు సగంలో ఆపితే పార్వో రావచ్చు. రక్తవిరేచనాలతో వారం లోపే పిల్ల చనిపోయిన ఇళ్లు నాకు తెలుసు. కుక్కను కొనడానికి దాచిన డబ్బు ఉంటే, కొనడం మానేసి ఆ డబ్బు ఈ పేజీకి వాడమని నా మాట. హైదరాబాద్‌లో బ్లూ క్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ లాంటి జంతు సంరక్షణ సంస్థల దగ్గర ఇల్లు కోసం చూస్తున్న పిల్లలు ఉంటాయి. మీ వీధి చివర కూడా ఉండవచ్చు, మల్లి లాగా.

చివరి మెట్టు: కుక్క లేకుండా మూడు నెలలు

మీ మొత్తం ఎంత వచ్చిందో, మూడు నెలల పాటు జీతం పడిన రోజే ఆ డబ్బు తీసి పక్కన పెట్టండి. ఇంట్లో కుక్క ఉన్నట్టే అనుకోవాలి. స్కూలు ఫీజొచ్చినా, పెళ్లిళ్లొచ్చినా దాన్ని ముట్టుకోకూడదు. రెండో నెలలోనే తీయాల్సి వస్తే ఇంకా సమయం రాలేదన్నమాట. అప్పటిదాకా వీధిలో ఒక కుక్కకు రోజూ నీళ్లు పెట్టండి, దాని రేబిస్ టీకాకు డబ్బు ఇవ్వండి.

మూడు నెలలూ నిలబడితే ఆ డబ్బే మీ మొదటి ఏడాది పేజీకి పెట్టుబడి. పిల్లను తెచ్చిన రోజు సాయంత్రమే నోట్‌బుక్ లోపలి అట్ట మీద నాలుగు సంగతులు రాయండి: దాని బరువు, తర్వాతి టీకా తేదీ, పిడుదుల మందు వేయాల్సిన తేదీ, రాత్రిపూట ఫోన్ ఎత్తే డాక్టర్ నంబరు. నోట్‌బుక్ ఇంట్లో అందరికీ కనిపించేలా ఫ్రిజ్ మీద పెట్టండి, కుక్కపిల్లకు మాత్రం అందకూడదు. మల్లి మొదటి డైరీ మూలలు నమిలేసింది.